పాళీ ఎంపిక: ఇంకు పెన్ను, డిప్ పెన్ను వాడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చేతిరాత బాగుచేసుకోవాలనుకునేవాళ్లూ, కాలిగ్రఫీ మొదలుపెట్టేవాళ్లూ ముందు పెన్ను పేరు అడుగుతారు, తర్వాత ధర అడుగుతారు. పాళీ సంగతి చివర్లో వస్తుంది, అదీ కొన్నాక గీత లావుగా పడుతోందని తెలిసినప్పుడు. ఇక్కడ పాళీతోనే మొదలుపెట్టాను. డిప్ పెన్ను అంటే లోపల ఇంకు నింపకుండా, పాళీని సిరాలో ముంచి ముంచి రాసేది. జవాబులన్నీ తెలుగు రాసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేవి. మన ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి అవి చాలావరకు అక్కరకు రావు.

ఒక్క పెన్నే కొంటాను. తెలుగూ ఇంగ్లీషూ రెండూ రాయాలి. ఏ పాళీ తీసుకోవాలి?

ఎఫ్, అంటే ఫైన్. మీ అక్షరం బాగా చిన్నదైతే ఈఎఫ్, అంటే ఎక్స్‌ట్రా ఫైన్. ఎమ్ (మీడియం) పాళీ జపాన్ కంపెనీదైతే పర్వాలేదు గానీ, యూరప్ కంపెనీదైతే తెలుగుకి లావు.

కారణం మన అక్షరాల్లోనే ఉంది. తెలుగులో చాలా అక్షరాలకు లోపల ఖాళీ ఉంటుంది. కొన్నింటికి ఆ ఖాళీలో చుక్క పెట్టాలి, కొన్నింటికి కింద చిన్న గీత పెట్టాలి. థ, ఠలకు నడుమ చుక్క. ధ, ఢ, భ, ఫలకు కింద గీత. పాళీ లావైతే ముందుగా మాయమయ్యేది ఆ చుక్కే. 'కథ' అని రాస్తే 'కద' అని చదువుకోవాల్సి వస్తుంది.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ఇప్పుడు వాడుతున్న బాల్ పెన్నుతో 'కథ, పాఠం, ధనం, ఢంకా, యుద్ధం' అని మీ మామూలు సైజులోనే రాయండి. తలకట్టు, గుడి, ఒత్తు వదిలేసి అక్షరం ఒంటి ఎత్తును స్కేలుతో కొలవండి. ఆ ఎత్తులో ఏడో వంతు కంటే గీత లావుగా ఉండకూడదన్నది నేను పాటించే లెక్క. అక్షరం 3 మి.మీ. ఎత్తుంటే గీత 0.4 చుట్టుపక్కల ఉండాలి. 4 మి.మీ. రాసేవాళ్లకు 0.5 దాటినా ఇబ్బంది లేదు. 2 మి.మీ. లోపు రాసేవాళ్లు మాత్రం 0.3 గీత పడే పాళీ వెతుక్కోవాల్సిందే.

ఈఎఫ్, ఎఫ్, ఎమ్, బీ (బ్రాడ్) అంటే మిల్లీమీటర్లలో ఎంతెంత?

అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత అంటూ ఏమీ లేదు. ఉజ్జాయింపుగా చెప్పాలంటే యూరప్ ఎఫ్ పాళీ గీత 0.5 నుంచి 0.6 మి.మీ., ఎమ్ 0.7 చుట్టుపక్కల ఉంటాయి. జపాన్ పాళీలు దాదాపు ఒక మెట్టు సన్నం: పైలట్, ప్లాటినమ్, సెయిలర్ కంపెనీల ఎమ్ పాళీ యూరప్ ఎఫ్‌కి దగ్గరగా రాస్తుంది. ఒక్కో అక్షరంలో పది పదిహేను గీతలు పట్టే లిపి వాళ్లది, కాబట్టి సన్నపు పాళీ వాళ్లకు రోజువారీ అవసరం. ఆ అవసరం మనకూ కలిసొచ్చింది. తెలుగు రాసేవాళ్లకు జపాన్ పాళీలు నేను ఎక్కువగా చెప్పడానికి కారణం ఇదే.

చవకలో చూడాలంటే ప్లాటినమ్ ప్రెప్పీ ఉంది. అందులో 02, 03, 05 అనేవి వరుసగా ఈఎఫ్, ఎఫ్, ఎమ్. తెలుగుకి 03 సరిగ్గా సరిపోతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, పాళీ మీద ఉన్న అక్షరం సగం సంగతే చెబుతుంది. ఇంకు ధారాళంగా దిగే పెన్నులో, ఇంకు పీల్చే కాగితం మీద ఎఫ్ పాళీ కూడా ఎమ్‌లా రాస్తుంది. పాళీ మార్చేముందు ఇంకు మార్చి చూడండి.

బంగారు పాళీ కొంటే రాత బాగుంటుందా?

రాత బాగుండటానికీ బంగారానికీ సంబంధం లేదు. 14 క్యారెట్ల పాళీలో బంగారం 58.5 శాతం (దాని మీద 585 అని ఉంటుంది), 18 క్యారెట్లదైతే 75 శాతం (750). అయితే కాగితాన్ని తాకేది ఆ బంగారం కాదు. కొన మీద అతికించిన చిన్న గట్టి లోహపు గుండు. మంచి స్టీలు పాళీకీ అలాంటి గుండే ఉంటుంది.

బంగారానికి నిజంగా ఉన్న గుణం, ఆమ్లం ఉండే ఇంకులకు అది తుప్పు పట్టదు. ఐరన్ గాల్ ఇంకు ఏళ్ల తరబడి వాడేవాళ్లకు అది లాభమే. మెత్తదనం మాత్రం పాళీ ఆకారాన్ని, రేకు మందాన్ని బట్టి వస్తుంది. మేకులా గట్టిగా ఉండే బంగారు పాళీలూ ఉన్నాయి, కొద్దిగా సాగే స్టీలు పాళీలూ ఉన్నాయి. పైగా మన బజారులో పచ్చగా మెరిసేవి చాలావరకు బంగారు పూత వేసిన స్టీలే. చేతిలో డబ్బుంటే ముందు మంచి కాగితం, మంచి ఇంకు కొనండి. బంగారం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పాళీ మీద 'ఇరిడియం పాయింట్ జర్మనీ' అని ఉంది. మంచిదేనా?

ఆ ముద్ర చూసి మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. ఒకప్పుడు కొన గుండులో ఇరిడియం ఉండేది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి ఆస్మియం, రుథీనియం, టంగ్‌స్టన్ లాంటివి కలిపిన మిశ్రమాలు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. చవక పెన్నుల మీద కూడా ఆ మాటలు అచ్చేసి ఉంటాయి కాబట్టి వాటికి డబ్బు పెట్టకండి. రాసి చూసి కొనండి.

రాజమండ్రి పెన్ను తెప్పించుకుంటున్నాను. పాళీ ఏది పెట్టించుకోవాలి?

రాజమండ్రిలో కె.వి. రత్నం గారు స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1932లో, పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను వాడి చూసి 1935లో గాంధీజీ వార్ధా నుంచి మెచ్చుకుంటూ జాబు రాశారు. అదే ఊళ్లో గైడర్ పెన్నులూ తయారవుతున్నాయి. హైదరాబాద్ వాళ్లకు అబిడ్స్‌లోని డెక్కన్ పెన్ స్టోర్స్ తెలిసే ఉంటుంది. 1928 నుంచి ఉన్న కొట్టు అది.

లేత్ మీద చేత్తో తిప్పి చేసే ఈ పెన్నుల్లో ఒంటికి వాడేది ఎక్కువగా ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. చేతికి వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. పాళీ మాత్రం విడిగా ఎంచుకునే వస్తువు. ఇలాంటి పెన్నులు చేసేవాళ్ల దగ్గర మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి మన దేశంలో తయారైన స్టీలు పాళీ, రెండోది జర్మనీ నుంచి వచ్చే యోవో, బాక్, ష్మిట్ కంపెనీల పాళీ. రెండోదానికి ధర బాగా పెరుగుతుంది, కానీ బయటికి తీసిన రోజే రాస్తుంది. మన పాళీల్లో ఒకటి అద్భుతంగా ఉండి, పక్కనే ఉన్నది గీరుకోవచ్చు. కొట్టుకి వెళ్లి నాలుగైదు పాళీలతో రాసి ఎంచుకోగలిగితే దేశీ పాళీ తీసుకోండి. పోస్టులో తెప్పించుకుంటే జర్మన్ పాళీకి అదనంగా పెట్టడం దండగ కాదు.

ఈ పెన్నులు చాలావరకు బుర్రలో, అంటే పెన్ను ఒంటి గొట్టంలో, నేరుగా ఇంకు పోసుకునేవి, ఫిల్లరుతో నింపాలి. ఇంకు చాలా పడుతుంది, బాగానే ఉంటుంది. కానీ ఇంకు పావువంతుకి వచ్చాక చేతి వేడికి బుర్రలోని గాలి వ్యాకోచించి కాగితం మీద బొట్టు పడుతుంది. బీ లాంటి లావు పాళీల్లో ఈ గొడవ మరీ ఎక్కువ. కాబట్టి ఎఫ్ పెట్టించుకుని, ఇంకు సగానికి తగ్గగానే మళ్లీ నింపేయండి. నిండుగా ఉన్న పెన్ను జేబులో వేసుకునేటప్పుడు పాళీ పైకే ఉండాలి. తెల్ల చొక్కా వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

5 నంబరు, 6 నంబరు పాళీ అంటే గీత మందమా?

కాదు, పాళీ ఒంటి సైజు. 6 నంబరు పెద్దది, పెద్ద పెన్నుకి పెడతారు. రెండింట్లోనూ ఎఫ్, ఎమ్, బీ ఉంటాయి. ఒకే నంబరని ఒక కంపెనీ పాళీ ఇంకో కంపెనీ పెన్నులో సరిగ్గా కూర్చుంటుందని అనుకోవద్దు. వంపులో తేడా ఉంటే పాళీకీ, దాని కింద ఉండి ఇంకు అందించే ముక్క అయిన ఫీడ్‌కీ మధ్య సందు ఏర్పడి ఇంకు దిగదు.

కొత్త పాళీ కాగితాన్ని గీరుకుంటోంది. ఏం చెయ్యాలి?

ముందు చేతిని అనుమానించండి. బాల్ పెన్ను అలవాటున్నవాళ్లు పెన్నును నిటారుగా పట్టి నొక్కుతారు. ఇంకు పెన్నును వాల్చి పట్టుకోవాలి, బరువు వెయ్యక్కర్లేదు. పాళీ చీలిక ఆకాశం వైపు చూస్తూ ఉండాలి, పక్కకి తిరగకూడదు.

అయినా గీరుకుంటే, కాగితం మీద సున్నాలు చుట్టండి. గడియారం ముళ్లు తిరిగే వైపు ఒక పది, దానికి ఎదురు వైపు ఇంకో పది. తెలుగు అక్షరాలు రెండు వైపులా తిరుగుతాయి కాబట్టి రెండూ చూడాలి. ఒక దిక్కుకి వెళ్లేటప్పుడు మాత్రమే గీరుకుంటే, చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు కొనలు ఒకే ఎత్తులో లేవని అర్థం. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పాళీని ఎదురుగా చూస్తే ఒక కొన పైకి, ఒకటి కిందికి కనిపిస్తాయి. పైకి ఉన్నదాన్ని బొటనవేలి గోరుతో కిందికి మెల్లగా నొక్కి వదలండి. మళ్లీ చూడండి. ఒక్కసారికి సరికాదు, ఓపిక పట్టాలి.

గరుకు కాగితం మీద రుద్దమనీ, గాజు మీద రాయమనీ చెప్పేవాళ్లుంటారు. చవక పాళీ మీద ప్రయోగం చేస్తే మీ ఇష్టం. ఖరీదైన దాని జోలికి మాత్రం వెళ్లకండి. కొన గుండు ఒకసారి అరిగిపోతే తిరిగి రాదు.

పాళీ నున్నగానే ఉంది, కానీ అక్షరం మొదటి గీత పడటం లేదు.

మొదట ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో పాళీనీ ఫీడ్‌నీ కడగండి. తయారీ నాటి నూనె ఉండిపోతే ఇలాగే జరుగుతుంది. కడిగినా అలాగే ఉంటే, కొనను అతిగా నున్నచేసి ఉంటారు. చీలిక అంచులు లోపలికి గుండ్రంగా అరిగి, ఇంకు కాగితాన్ని అందుకోదు. ఇంకు ధారాళంగా దిగే రకం వాడితే కొంత నయం. కొత్త పెన్నయితే మార్పించుకోవడమే మేలు.

స్టబ్, ఇటాలిక్, ఆబ్లిక్ పాళీలకు తేడా ఏమిటి?

మామూలు పాళీ కొన గుండ్రం, ఎటు గీసినా గీత ఒకే మందం. స్టబ్, ఇటాలిక్ పాళీల కొన చదును. నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా పడుతుంది. స్టబ్ మూలలు గుండ్రంగా అరగదీసి ఉంటాయి కాబట్టి వేగంగా రాసినా కాగితానికి తగులుకోదు. ఇటాలిక్ మూలలు పదునుగా ఉంటాయి. తేడా స్పష్టంగా కనిపిస్తుంది, కానీ నెమ్మదిగా రాయాలి. ఆబ్లిక్ కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, పెన్నును ఒక పక్కకి తిప్పి పట్టే అలవాటున్నవాళ్లకు.

ల్యామీ సఫారీ లాంటి పెన్నులకు 1.1, 1.5, 1.9 మి.మీ. చదును పాళీలు విడిగా దొరుకుతాయి, వేళ్లతో లాగి మార్చుకోవచ్చు. వాటితో మామూలు గీతల నోటుబుక్కులో తెలుగు రాయాలని మాత్రం ఆశపడకండి. ఎందుకో కింది ప్రశ్నలో చూద్దాం.

తెలుగు కాలిగ్రఫీకి ఏ పాళీ? చదునుదా, సాగేదా?

ఈ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. ఇంగ్లీషు కాపర్‌ప్లేట్ (లావు, సన్నం గీతలతో వాలుగా రాసే శైలి) సాగే పాళీ కోసమే రూపుదిద్దుకుంది, ఇటాలిక్ చదును పాళీ కోసం. మన లిపి పెరిగింది తాటాకు మీద, గంటంతో. గంటం ఆకును గీరుతుంది, ఆ గాట్లలో తర్వాత మసి పూస్తారు. ఆ గీతకు లావూ సన్నమూ అనే తేడా లేదు. కాబట్టి తెలుగు అక్షరంలో లావు ఎక్కడ పడాలి, సన్నం ఎక్కడ పడాలి అన్నది ముందే రాసిపెట్టిన నియమం కాదు. రాసేవాళ్లే నిర్ణయించుకోవాలి. దాన్ని స్వేచ్ఛ అనుకుంటారో తలనొప్పి అనుకుంటారో మీ ఇష్టం.

నా సలహా చదును పాళీతో మొదలుపెట్టమనే. అక్కడ తేల్చుకోవాల్సిన మొదటి సంగతి పాళీని ఏ కోణంలో పట్టాలి అన్నది. ఇంగ్లీషు ఇటాలిక్‌కి పాళీ అంచును గీతకు 45 డిగ్రీల కోణంలో పెట్టమంటారు. ఆ కోణంలోనే తెలుగు రాస్తే తలకట్టు పోతుంది. తలకట్టు పొడుగు చెయ్యి కుడివైపు పైకి లేస్తుంది, పాళీ అంచు కూడా సరిగ్గా అటే చూస్తుంటుంది. అంచు వెంబడి గీసిన గీత వెంట్రుకలా వస్తుంది. అక్షరం నిండుగా, తల మీది టిక్కు కనీ కనబడకుండా. అంచును పడుకోబెట్టి 10, 15 డిగ్రీలకు తెస్తే తలకట్టుకు ఒళ్లు వస్తుంది, అక్షరం కింది వంపు కాస్త సన్నబడుతుంది. నాకు ఆ రూపమే నచ్చుతుంది. 30 దగ్గర పట్టి, తలకట్టును మాత్రం చెయ్యి తిప్పి విడిగా పెట్టేవాళ్లూ ఉన్నారు. ఒక కాగితం మీద 'తెలుగు' అని 0, 15, 30, 45 డిగ్రీల్లో నాలుగుసార్లు రాసి గోడకి అంటించి, దూరం నుంచి చూడండి. మీ కంటికి ఏది నప్పిందో అదే మీ కోణం.

రెండోది, గీతల మధ్య దూరం. ఇంగ్లీషు ఇటాలిక్‌లో చిన్న అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు 5 రెట్లు. తెలుగుకి కూడా ఒంటి ఎత్తు 5 రెట్లతో మొదలుపెట్టవచ్చు. కానీ పైన తలకట్టు, గుడి కోసం ఇంకో మూడు రెట్లు, కింద ఒత్తుల కోసం నాలుగు రెట్లు వదలాలి. మొత్తం 12. అంటే 1.5 మి.మీ. పాళీకి ఒక వరుసకి 18 మి.మీ. కావాలి. 1.1 పాళీకే 13 మి.మీ. పైచిలుకు కావాలంటే, మామూలు నోటుబుక్కులో ఎందుకు కుదరదో అర్థమైంది కదా! 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు పడుతుంది. వాటిని ముందు పెన్సిల్‌తో గీసుకుని చూసుకోండి. కింది వరుస తలకట్టుకు పై వరుస ఒత్తు తగిలితే అప్పుడు చేసేదేం లేదు.

ఇక సాగే పాళీ. నొక్కితే కొనలు విడిపోయి గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. ఇది పైనుంచి కిందికి లాగే గీతలకే. కింది నుంచి పైకి తోసేటప్పుడు నొక్కితే కొన కాగితంలో దిగబడి ఇంకు చిందుతుంది. తెలుగులో పైకి తోసే గీతలు ఎక్కువ, ఒకే అక్షరంలో చెయ్యి రెండు వైపులా తిరుగుతుంది. అందుకని అక్షరాన్ని ఒక్క ఊపులో రాయకుండా ముక్కలు చేసుకోవాలి. దిగే వంపు ఒక గీత, చెయ్యి ఎత్తి మిగతాది ఇంకో గీత. ఒక్క 'ర'ని ఇలా ముక్కలుగా నాలుగు రోజులు రాస్తే మిగతా అక్షరాలకు దారి దొరుకుతుంది.

డిప్ పెన్నులో మొదట ఏ పాళీలు కొనాలి?

సాగే రకంలో నిక్కో జీ లేదా జీబ్రా జీ. రెండూ జపాన్‌వే. కామిక్ బొమ్మలు గీసేవాళ్ల కోసం తయారైనవి. కొంచెం గట్టిగా ఉంటాయి, కొత్త చెయ్యి తప్పుగా నొక్కినా తట్టుకుంటాయి, చాలా రోజులు మన్నుతాయి. నిక్కో ఇంకాస్త గట్టిది, జీబ్రా ఇంకాస్త మెత్తనిది.

చెయ్యి తేలికపడ్డాక బ్రాజ్ 361 చూడండి. నీలి రంగు ఒంటితో ఉంటుంది, ఇంకు బాగా పట్టి ఉంచుతుంది. గిలాట్ 303, హంట్ 101, లియోనార్ట్ ప్రిన్సిపల్ లాంటివి బాగా పదును, బాగా సాగుతాయి. వెంట్రుక లాంటి గీతలు వస్తాయి. కానీ మొదటి వారంలోనే వీటితో కుస్తీ పడితే కాలిగ్రఫీ అంటేనే విసుగొస్తుంది. కాగితపు పీచు కొనలో ఇరుక్కోవడం, ఇంకు చిమ్మడం రోజూ ఉండేవే.

ఈ పేర్లలో గిలాట్ చాలా పాతది. 19వ శతాబ్దంలో ఉక్కు పాళీల తయారీకి ప్రపంచ కేంద్రం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. జోసెఫ్ గిలాట్ కర్మాగారం ఉండేది అక్కడే. ఆ ఊళ్లో ఇప్పుడు పాళీల మ్యూజియం కూడా ఉంది.

చదును డిప్ పాళీల నంబర్లు అయోమయంగా ఉన్నాయి.

నిజమే. బ్రాజ్ బాండ్‌జుగ్ పాళీల మీద కొలత మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ఏ టెన్షన్ లేదు, అదే కొనండి. స్పీడ్‌బాల్ సీ వరుసలోనూ, మిచెల్ రౌండ్‌హ్యాండ్‌లోనూ లెక్క తిరగబడుతుంది: 0 అన్నిటికన్నా వెడల్పు, నంబరు పెరిగేకొద్దీ సన్నం. స్పీడ్‌బాల్‌లో ఏ, బీ, డీ వరుసలు కూడా ఉన్నాయి. బీ వరుస కొన గుండ్రం, ఎటు గీసినా ఒకే మందం వస్తుంది. గంటం రాత లాంటి సమమైన తెలుగు అక్షరాలు పెద్ద సైజులో రాయాలంటే చక్కగా పనికొస్తుంది, ఎందుకో మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు.

ముంచడం, తుడవడం బాదరబందీ వద్దనుకుంటే పైలట్ ప్యారలల్ పెన్ను తీసుకోండి. 1.5, 2.4, 3.8, 6.0 మి.మీ.లలో ఎక్కువగా దొరుకుతుంది. చీలిక ఉన్న పాళీకి బదులు రెండు పలుచటి రేకులుంటాయి, వాటి నడుమ నుంచి ఇంకు దిగుతుంది. తెలుగు అభ్యాసానికి 2.4 మంచి సైజు. 1.5లో మీ తప్పులు మీకే కనబడవు, 6.0 అయితే పేజీకి రెండు మాటలే పడతాయి.

కొత్త డిప్ పాళీని ఇంకులో ముంచితే బొట్లు బొట్లుగా జారిపోతోంది.

తుప్పు పట్టకుండా దాని మీద నూనె గానీ పలుచటి పూత గానీ వేసి అమ్ముతారు. టూత్‌పేస్టుతో మెల్లగా రుద్ది కడిగి, వెంటనే తుడవండి. అగ్గిపుల్ల మంట మీద తిప్పే పద్ధతీ ఉంది, కానీ ఒక క్షణం ఎక్కువైతే ఉక్కు బిరుసు పోయి పాళీ వంగిపోతుంది. కడిగిన పాళీ మీద ఇంకు అద్దినట్టు సమంగా పరుచుకోవాలి. ముంచేటప్పుడు నడిమి చిల్లు దాటేదాకా ముంచి, బుడ్డి అంచుకు ఒకసారి తాకించి తీయండి.

ఇంకు పెన్ను సిరా డిప్ పెన్నుకి వాడొచ్చా? అటుదిటు?

మొదటిది పర్వాలేదు, కాస్త పలుచన కాబట్టి పాళీ మీద నిలవదు. నాలుగు చుక్కల గమ్ అరబిక్ కలిపితే చిక్కబడుతుంది. అదీ తుమ్మజాతి చెట్ల బంకే. కలిపేటప్పుడు బుడ్డిలోకి కాకుండా, విడిగా చిన్న మూతలో పోసుకుని కలుపుకోండి.

రెండోది మాత్రం ఎప్పుడూ వద్దు. ఇండియన్ ఇంకు అని డ్రాయింగ్ సామాను కొట్లలో అమ్మే నల్ల సిరాలో మసి, లక్క లాంటి బంక ఉంటాయి. అది ఇంకు పెన్నులో ఎండితే ఫీడ్ సందులు మూసుకుపోతాయి, ఇక ఆ పెన్ను మీద ఆశ వదులుకోవచ్చు. ఎక్రిలిక్ ఇంకు, పోస్టర్ రంగు కూడా అంతే.

రోజువారీ ఇంకు పెన్నుకి కేమెల్, బ్రిల్, సులేఖా లాంటి మన ఇంకులు చాలు. గీత లావుగా పడే పెన్నుకి కాస్త పొడిగా దిగే ఇంకు పొయ్యండి. పెలికాన్ 4001 వరుసకి ఆ పేరుంది.

కాగితం సంగతి?

జీఎస్ఎమ్ ఒక్కటే చూసి మోసపోవద్దు. అది బరువు మాత్రమే. ఇంకును పైనే నిలిపేది కాగితం మీద ఉండే పూత. 52 జీఎస్ఎమ్ టొమోయె రివర్ కాగితం మీద ఇంకు పాకదు, బరువైన చార్టు కాగితం మీద పాకవచ్చు. కొట్లో నోటుబుక్కు చివరి పేజీ మీద ఒక 'క్ష' రాసి, వేలితో అద్ది, వెనక్కి తిప్పి చూడండి. అంచులు పీచులు పీచులుగా పాకితే వదిలెయ్యండి. డిప్ పెన్నుకి మరీ నునుపైన కాగితమే కావాలి.

పరీక్షల్లో ఇంకు పెన్నుతో రాయొచ్చా?

హాల్ టికెట్ మీది సూచనలు చదవండి. ఓఎమ్ఆర్ షీటు ఉంటే బాల్ పెన్నే. వ్యాసరూప జవాబులకు వాడతామంటే, జవాబు పత్రాలు పలుచగా ఉంటాయి, రెండు వైపులా రాయాలి, కాబట్టి ఈఎఫ్ లేదా జపాన్ ఎఫ్. ఇంటి దగ్గర మూడు గంటలు ఏకధాటిగా రాసి చూసుకోని పెన్నును పరీక్షకి తీసుకెళ్లకండి.

పిల్లలకు ఏది కొనిపెట్టాలి?

గట్టి స్టీలు పాళీ, ఎఫ్ లేదా ఎమ్. పిల్లలు నొక్కి రాస్తారు, కింద పడేస్తారు, మూత పోగొడతారు. కాబట్టి ఖరీదైనది వద్దు. పైలట్ కాకునో పెన్నుకి పట్టుకునేచోట మూడు పలకలుంటాయి, వేళ్లు సరైన చోట కూర్చుంటాయి. బడ్జెట్ తక్కువైతే బడి సామాన్ల కొట్టులో దొరికే క్యామ్లిన్ చాలు. చేతిరాత పోటీల కోసమని మూడో తరగతి పిల్లలకు కాలిగ్రఫీ చదును పాళీలు ఇప్పించే తల్లిదండ్రుల్ని చూస్తుంటాను. ఆ వయసులో అక్షరం ఆకారం కుదరాలి. లావూ సన్నమూ తర్వాత నేర్చుకోవచ్చు.

మాది ఎడమచేతి వాటం.

గుండ్రటి కొన ఉన్న ఎఫ్ పాళీ, త్వరగా ఆరే ఇంకు. చెయ్యి గీతకు కింద ఉంచి రాసే అలవాటుంటే ఏ పాళీ అయినా పనిచేస్తుంది. పై నుంచి వంచి రాస్తే పాళీని తోస్తూ ఉంటారు, అప్పుడు పదునైన ఇటాలిక్, సాగే పాళీలు చుక్కలు చూపిస్తాయి. ఎడమచేతివాళ్ల కోసం ఏటవాలుగా కోసిన చదును డిప్ పాళీలు మిచెల్ వాళ్లు చేస్తారు.

మామూలు ఇంకు పెన్నును నొక్కి రాస్తే కాపర్‌ప్లేట్ రాదా?

పాళీ కొనలు విడిపోయి మళ్లీ కలవవు. అంతే. కాపర్‌ప్లేట్ అక్షరం 55 డిగ్రీల వాలుతో ఉంటుంది. ఆ వాలుకి చెయ్యి నొప్పి పుట్టకుండా పాళీని పక్కకి పట్టి ఉంచే ఆబ్లిక్ హోల్డరు వాడతారు. నిటారుగా ఉండే తెలుగు అక్షరానికి ఆ హోల్డరు అక్కర్లేదు, మామూలు కర్ర హోల్డరు చాలు. ఇంకు పెన్నులోనే సాగే పాళీ కావాలంటే నూడ్లర్స్ అహాబ్ లాంటివి ఉన్నాయి గానీ, డిప్ పాళీ సాగినంత సాగవు.

బాపు గారి అక్షరాల్లా రావాలంటే ఏ పాళీ కొనాలి?

ఏ పాళీ కొన్నా రాదు. ఆయన చేతిరాత ఫాంటుగా కూడా వచ్చింది. దాన్ని పెద్ద సైజులో ప్రింటు తీసి, మీద పలుచటి కాగితం వేసి పెన్సిల్‌తో దిద్దండి. అందం అక్షరాల పొందికలో ఉంది. ఏ అక్షరం ఎంత వెడల్పు, ఏ దీర్ఘం ఎంత దూరం లాగాలి అన్నది చేతికి వచ్చాక, ఇంట్లో ఉన్న ఏ పెన్నయినా సరిపోతుంది.

డిప్ పాళీ ఎన్నాళ్లు మన్నుతుంది? ఎలా దాచాలి?

రోజూ గంట రాస్తే పదునైన రకాలు కొద్ది వారాల్లోనే మొద్దుబారతాయి, జీ పాళీలు ఇంకా ఎక్కువ రోజులు వస్తాయి. సన్నగీతలు లావుగా పడుతుంటేనో, నొక్కి వదిలాక చీలిక మూసుకోకపోతేనో పని అయిపోయినట్టే. రాత అయిన వెంటనే నీళ్లలో ముంచి, పాత నూలు గుడ్డతో పూర్తిగా తుడిచి, హోల్డరు నుంచి తీసి ఆరబెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఒక్క రాత్రి తడిగా వదిలేసినా తుప్పు పట్టవచ్చు. మాత్రల సీసాల్లో వచ్చే చిన్న సిలికా సంచులు పారేయకుండా పాళీల డబ్బాలో వేసుకోండి. ఇంకు పెన్నునైతే నెల రోజులు వాడరని తెలిసినప్పుడు ఇంకు ఒంపేసి, రంగు పోయేదాకా చల్లటి నీళ్లతో కడిగి పెట్టండి. వేడినీళ్లు వద్దు, ఎబొనైట్ రంగు వెలిసిపోతుంది.